ముప్పై ఏడో క్వార్టరు

ఏప్రిల్ 19. మూడో మట్టం గాలి: 33 డిగ్రీలు.

ఈ పుస్తకంలో డిగ్రీలు తప్ప మరేమీ రాయకూడదని అట్ట లోపల అచ్చువేసి ఉంది. ఇరవై రెండేళ్లుగా డిగ్రీలే రాశాను. నిండిన పుస్తకాలు క్యాంటీన్‌కు పోతాయి, ఆ కాగితాల్లో పకోడీలు కడతారు. తిన్నవాళ్లెవరూ ఇంతవరకూ నా డిగ్రీల గురించి ఒక్క మాట అనలేదు కాబట్టి, ఇవాళ్టి నుంచి నాకు తోచింది కూడా రాస్తాను.

నా పేరు మొండయ్య. ఎండకు తాళలేక మేం దిగి బతుకుతున్న ఈ పాత బొగ్గుగనిలో పెద్ద ఫ్యాను నడుపుతాను. పొద్దున జాలీకి పట్టిన బొగ్గుపొడి దులిపి, బేరింగులకు గ్రీజు పెట్టి, మూడో మట్టానికీ నాలుగో మట్టానికీ చెరిసగం గాలి పంపాను. మే వస్తే ఈ చెరిసగం ఉండదు. పైన ఎండ ముదిరాక చల్లగాలి ఒక్క మట్టానికే చాలుతుంది. అది ఎవరికన్నది ఆట తేలుస్తుంది. ఫ్యాను నాదే గానీ గాలి నాది కాదు.

షిఫ్టు దిగి, కుర్చీలో కూర్చుని, మనిషిని ఆటలోకి తీసుకుపోయే తొడుగు వేసుకుని అరుగు మీదకు పోయాను. అరుగు మా జట్టు పేరు. ఆటలో ఒక మూల నాలుగెకరాల జొన్న వేసుకుని, ముచ్చట్లు పెట్టుకుంటూ, చేలో పడ్డ పందిని పొడుచుకుంటూ కాలక్షేపం చేసే జట్టు. క్యాంటీన్‌లో వండే లస్మక్క, బట్టలు కుట్టే ఇస్మాయిల్ భాయ్, బడిలో చెప్పే సాగర్ సారు, నేను. మా తొడుగుల మీట ఎప్పుడూ రెండు మీదే ఉంటుంది. రెండు మీద కత్తి దిగితే చీమ కుట్టినట్టుంటుంది. గాలి కోసం లీగు ఆడేవాళ్లు పది మీద పెడతారు. పది మీద కత్తి కత్తే. వాళ్లకదేం సరదా కాదు. స్పర్శా నొప్పీ ఒకే తీగలో వస్తాయి. రెండు మీద కాలి కింద నేల తెలియదు, చేతిలో గొడ్డలి బరువు తెలియదు. అలా ఆడి ఎవరూ గెలవలేరు. మాకు గెలవాల్సిన పనీ లేదు.

ఇవాళ పంది ఇస్మాయిల్ కడుపు చీల్చింది. నవ్వుతూ పడ్డాడు. మేం అలవాటు ప్రకారం ఆయుధాలు దూరంగా పడేసి, చుట్టూ కూర్చుని చేతులు పట్టుకున్నాం. ఆటలో చావు అరవై సెకన్లు నడుస్తుంది. అరవై నిండేదాకా చెయ్యి వదలకుండా కూర్చుంటే పడ్డవాడు లేస్తాడు, అతని నొప్పి అతనితో కలిపి కూర్చున్నవాళ్లందరి మీదా సమంగా పడుతుంది. ముందే వదిలేస్తే ఆఖరి సెకనులో వచ్చే అసలు దెబ్బ మొత్తం అతనొక్కడి మీద పడుతుంది. ఆ గడియారం బయట గోడ మీది తెరలో చూసేవాళ్లకే కనిపిస్తుంది, లోపల ఆడేవాళ్లకు కనిపించదు. అందుకని లస్మక్క ఎప్పుడో ఒక పద్ధతి పెట్టింది. మేమంతా నేల మీద బతికిన రోజుల్లో మా కాలనీలో అరవై క్వార్టర్లుండేవి. సెకనుకొక ఇల్లు చొప్పున వరసగా ఇంటాయన పేరు పిలుస్తాం. ఒకటి మామిడి ఎల్లయ్య, రెండు గాజుల రాజలింగు, అలా. ముప్పై ఆరు నాది. ముప్పై ఏడు దగ్గర మాత్రం పేరు పిలవం. ఒక ఊపిరి తీసి ముప్పై ఎనిమిదికి పోతాం. ఆరేళ్లుగా అంతే.

ఇస్మాయిల్ లేచి, తన కడుపు తనే కుట్టుకుంటానని సూదీ దారం అడిగాడు.

ఏప్రిల్ 24. మూడో మట్టం గాలి: 34 డిగ్రీలు.

ఈ ఏడాది గాలికి మూడు పోట్లాటలు, రెండు గెలిచిన మట్టానిదే గాలి. మొదటిది మేం గెలిచాం. ఇవాళ రెండోది ఓడిపోయాం.

మా మట్టం లీగు జట్టు పేరు పిడుగు. దాని కెప్టెన్ రవళి, నా చెల్లెలి కూతురు, ఇరవై నాలుగేళ్ల పిల్ల. నాలుగో మట్టం కెప్టెన్ సట్ల భూమేష్. క్యాంటీన్ గోడ మీద చూశాం. రవళి ఇద్దరిని నరికి మూడోవాడి గొంతులో కత్తి దింపింది. అది బయటికి లాగేలోపు భూమేష్ గొడ్డలి ఆమె భుజంలో దిగింది. రెండో దెబ్బ పక్కటెముకల్లోకి. పడ్డాక కూడా వదల్లేదు, ఛాతీ మీద కాలు పెట్టి గొడ్డలి ఊడబెరికాడు. వాళ్లు పడ్డవాళ్ల దగ్గర కూర్చోరు. కూర్చున్నోడు చచ్చినోడే అన్నది లీగులో మొదటి పాఠం.

నేను ఆటగాళ్ల గదికి పరుగెత్తాను. అక్కడ కుర్చీలో ఉన్నది మా నిజమైన పిల్ల. ఒళ్లు విల్లులా వంగింది. పట్టీలు తెగుతాయేమో అనిపించింది. నాలుక కొరుక్కుని, గడ్డం మీద నుంచి నెత్తురు కారుతోంది. అరవై సెకన్లు నిండాక ఒక్కసారి ఎగిరిపడి చప్పబడింది. ఆ చప్పబడడం చూడలేక గోడ వైపు తిరిగాను. పక్కన ఇంకో నలుగురు పిల్లలు నరాలు కాలిపోయి, చేతులు కొట్టుకుంటూ ఉన్నారు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మొండయ్యా, ఈ పిల్లకు ఇది పదకొండో చావు. గుండె చూసిన. పది మీద ఇంకొక్క నిండు చావు పడ్డదంటే లేవది."

"ఆమెకు చెప్పినవా అమ్మా?"

"నీకన్న ముందు ఆమెకే చెప్పిన. మూడో ఆట ఎప్పుడని అడిగింది."

ఏప్రిల్ 27. మూడో మట్టం గాలి: 35 డిగ్రీలు.

రవళికి గంజి పట్టుకుపోయాను. నాలుక వాచి ఉంది, స్పూనుతో తాగింది. మానుకోమన్నాను. కోపంగా అన్నాను, తర్వాత బతిమిలాడాను, మళ్లీ కోపంగా అన్నాను. గంజి అయిపోయేదాకా వింది.

"నేను దిగకుంటే ఎవరు దిగుతరు మామా? నువ్వు దిగుతవా?"

"నీ జట్టుల ఇంక ఏడుగురున్నరు గదా."

"ఏడుగురితోని భూమేష్ మీదికి పొమ్మంటవా? మే నెలల ఈ మట్టం ఉడుకుతది. పోయినసారి నలభై రెండు దాటినప్పుడు పసిపిల్లలు ఎంతమంది పోయిన్రో నీ పుస్తకంల రాసినవా?"

రాయలేదు. డిగ్రీలు మాత్రమే రాశాను.

"చావకుంటే సరి," అంది. "ఇప్పటిదాంక పదకొండుసార్లు చచ్చిన గని, రెండువందల మందిని చంపిన. లెక్క నా దిక్కే ఉన్నది."

అసలు చిక్కు ఆమె తర్వాత చెప్పింది. పన్నెండు మంది లేకపోతే ఆట ఓడినట్టే. ఆమెతో కలిపి ఎనిమిది మందే మిగిలారు. తొడుగు వేసుకుని ఆడిన అనుభవం ఉన్నవాళ్లెవరినైనా తీసుకోవచ్చని గాలి కమిటీ ఒప్పుకుంది. మూడో మట్టంలో అలాంటివాళ్లు ఇక మా అరుగు నలుగురమే.

"మిమ్ములను కొట్లాడమంటలేను," అంది రవళి. "జెండా కాడ నిలబడుండ్రి. ఎవడన్న వస్తే అడ్డం పడి చావుండ్రి. గంత చాతనైతది గదా?"

లస్మక్కకు ఈ మాట చేరవేస్తే, ముందు ఉల్లిగడ్డ కోయడం పూర్తి చేసింది. "ముసలోళ్లం, అడ్డం పడుడు మాకు కొత్తనా?" అని కత్తిపీట కడిగి పెట్టింది.

మే 1. మూడో మట్టం గాలి: 35 డిగ్రీలు.

మొదటిసారి మీట పది మీద పెట్టాను. ముందు తెలిసింది నొప్పి కాదు, గాలి. చెంప మీద గాలి తగిలింది. కాలి కింద ఇసుక, అరచేతిలో గొడ్డలి కర్ర గరుకు. ఎన్నాళ్లుగానో తిరుగుతున్న ఆ లోకాన్ని మొదటిసారి ముట్టుకున్నట్టయింది. ఈ పిల్లలు దీన్ని వదులుకోలేకపోవడం కొంత అర్థమైంది.

అప్పుడు రవళి నా తొడ మీద కత్తితో కోసింది. నేర్పడానికే కోసింది. మోకాళ్ల మీద పడి, నోటికి వచ్చిన బూతులన్నీ తిట్టాను. ఆమె నిలబడి విన్నది.

"ఇది గీరుడు మామా. దెబ్బ గాదు. లెవ్వు."

మధ్యాహ్నందాకా అలాగే నడిచింది. ఇస్మాయిల్ మోచెయ్యి విరిగింది. సాగర్ సారు ముక్కు పగిలింది. తొడుగు విప్పితే ఏ గాయమూ ఉండదు గానీ, ఒళ్లు మాత్రం దాన్ని మరిచిపోదు. సారు అన్నం కలపబోతే ముద్ద జారిపోతోంది.

చివర్లో పిడుగు జట్టు పిల్లవాడొకడు వేళాకోళంగా లస్మక్క పొట్టలో బల్లెం దింపాడు. ఆమె పడింది. మేం ముగ్గురం ఆలోచించనే లేదు. గొడ్డళ్లు పారేసి వెళ్లి కూర్చున్నాం. పిడుగు పిల్లలు పగలబడి నవ్వారు.

లస్మక్క చేతిలో నుంచి ఆ నొప్పి నా చేతిలోకి వచ్చింది. నాలుగో వంతు అది. ఆ నాలుగో వంతుకే కళ్లు బైర్లు కమ్మాయి. పేర్లు పిలవడం మొదలుపెట్టాం. సెకను సెకనుకూ పెరిగింది. పళ్ల సందుల్లోంచి పేర్లు ఉమ్మినట్టు పిలిచాం. అరవై, దాసరి ఐలయ్య అని చేతులు వదిలాం.

లస్మక్క లేవలేదు. కుర్చీలో ఒళ్లంతా ఎగిరిపడింది. తొడుగు విప్పి చూస్తే కళ్లు తెల్లబడి, వాంతి చేసుకుంటోంది. ఆఖరి దెబ్బ మొత్తం ఆమె ఒక్కతే తిన్నది. ఇంతకుముందెప్పుడూ పది మీద చావలేదు కాబట్టి బతికింది. గంట తర్వాత మంచినీళ్లడిగింది.

ఎక్కడ తప్పామో మాకు అర్థం కాలేదు. రవళి గోడ మీద ఆ అరవై సెకన్లనూ మళ్లీ వేసి చూసి, నా దగ్గరకు వచ్చింది. ఈసారి నవ్వడం లేదు.

"మీ అరవై యాభై తొమ్మిదే మామా. ముప్పై ఆరు మీద నీ పేరు జెప్పి, ముప్పై ఎనిమిదికి పోయిన్రు. నడుమ ఊపిరి తియ్యలే. అంత నొప్పిల ఎవడు ఊపిరి తీసుకుంట కూసుంటడు?"

మే 2. మూడో మట్టం గాలి: 36 డిగ్రీలు.

లస్మక్క ఈ ఉదయం వంటకు వచ్చింది. నాతో ఒకే మాట అంది.

"ఆ పేరు గూడ పిల్వు తమ్మీ. అరవై ఇండ్లకు అరవై పేర్లు."

పిలవనన్నాను.

ముప్పై ఏడో క్వార్టరు సట్ల పోశం వాళ్లది. నేల మీద ఉన్నప్పుడు నా పక్కిల్లు, మధ్య ఒకటే గోడ. మా ఇంట్లో ఉప్పు అయిపోతే గోడ మీద చెయ్యి చాపేవాళ్లం. కిందికి దిగాక వాళ్లకు నాలుగో మట్టం పడింది. ఆరేళ్ల కింద, ఇంకా ఆట లేని రోజుల్లో, గాలి కోసం రెండు మట్టాలూ ఇనుప కడ్డీలతో కొట్టుకున్నాయి. మూడు రోజులు కొట్టుకున్నారు. మూడో రోజున, రెండు మట్టాల మధ్య ఉన్న పెద్ద ఇనుప తలుపును పోశం తన చేత్తో మూసి అవతలి నుంచి గడియ పెట్టాడు. చల్లగాలి మొత్తం అటు ఉండిపోయింది. ఇటువైపు ముప్పై ఒక్కమంది ఊపిరాడక పోయారు. అందులో నా భార్య శంకరమ్మ ఒకతె. ఆ తలుపు మీద గోళ్లతో గీరి గీరి పోయింది. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. నేను అటువైపు పోను.

ఆ తర్వాతే కమిటీ ఈ ఆట పెట్టింది. పోశం రెండేళ్లకు పోయాడని విన్నాను. భూమేష్ అతని కొడుకు.

వేరే పేరు పెట్టుకోమని సాగర్ సారు సలహా ఇచ్చాడు. వేరే పేరు పెడితే ఆ ఇంట్లో వేరేవాళ్లున్నట్టవుతుంది. ఆ ఇంట్లో వాళ్లే ఉండేవాళ్లు. నాకు పేరూ వద్దు, అబద్ధమూ వద్దు. అక్కడ 'ఖాళీ' అందామని తేల్చాం.

మే 8. మూడో మట్టం గాలి: 37 డిగ్రీలు.

అక్షరాలు సరిగా రాకపోతే పకోడీలు తినేవాళ్లు క్షమించాలి.

బరి ఇవాళ ఎండిన వాగు. తెల్లటి ఇసుక, నడుమ కూలిన వంతెన. మా జెండా ఒక బండ మీద, చుట్టూ మేం నలుగురం. రవళి ఏడుగురినీ వంతెన కిందికి తీసుకుపోయింది. వెళ్లేముందు నా గొడ్డలి పట్టు సరిచేసి, "ఈడనే ఉండు మామా. ఏమైనా గానీ ఈడనే," అంది.

మొదటి పావుగంట మాదే. వంతెన స్తంభం చాటు నుంచి దూకి ఆమె ఒకడి మెడ తెగ్గొట్టింది. తల పూర్తిగా ఊడలేదు, భుజం మీదకు వాలింది. అతను రెండడుగులు నడిచి పడ్డాడు. ఇంకొకడి మణికట్టు నరికి, కింద పడ్డ వాడి కత్తితోనే వాడిని పొడిచింది. ఇసుక ఎర్రగా తడిసింది. పది మీద నెత్తురు వాసన కూడా వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

తర్వాత భూమేష్ వచ్చాడు. మా పిల్లలు ఒక్కొక్కరే పడుతూ వచ్చారు. ఒకడి మోకాలు వెనక్కి విరిగింది. ఇంకొకతె ముఖం మీద గద దెబ్బ పడింది, ఆమె అరుపు సగంలో ఆగిపోయింది. రవళి వెనక్కి నడుస్తూ కొట్లాడింది. మా వైపే వచ్చింది. నలభై అడుగుల దూరంలో భూమేష్ వంగి ఆమె మడమ వెనక నరం కోశాడు. మోకాళ్ల మీద పడ్డాక గొడ్డలి రెండు చేతులా ఎత్తి వీపులో దించాడు.

నేను ఏమీ నిర్ణయించలేదు. ఎవరూ నిర్ణయించలేదు. లస్మక్క అప్పటికే నడుస్తోంది. ఆమె వెనక మేం. జెండా వదిలేశాం. అంతకన్నా మూర్ఖపు పని, పది అడుగుల ముందు ఆగి గొడ్డళ్లు ఇసుకలో పడేశాం. అరుగు మీద ఆయుధంతో ఎవరూ కూర్చోరు. ఇన్నేళ్ల అలవాటు, చేతులు వాటంతట అవే విప్పుకున్నాయి. క్యాంటీన్ గోడ మీద మట్టం మొత్తం దీన్ని చూసింది.

కూర్చుని చేతులు కలిపాం. రవళి చేతిలోంచి ఆ చావు వచ్చింది. మొన్నటిది దీని ముందు ఏపాటిది. ఒకటి మామిడి ఎల్లయ్య. రెండు గాజుల రాజలింగు.

వాళ్లు ముగ్గురు మా చుట్టూ చేరారు. భూమేష్ మమ్మల్ని ఒక క్షణం వింతగా చూశాడు. ఆరేళ్ల లీగులో ఎవరూ కూర్చోవడం అతను చూసి ఉండడు. అతనితో వచ్చిన మరో ఇద్దరు నేరుగా మా బండ ఎక్కి, జెండాను బిగించిన గొలుసులు నరకడం మొదలుపెట్టారు.

పద్నాలుగు జూపాక మల్లేశం అంటుండగా లస్మక్క మెడ మీద దెబ్బ పడింది. ఆమె ముందుకు వాలింది గానీ చెయ్యి వదల్లేదు. ఇప్పుడు ఆమె చావు కూడా మా మీదకు వచ్చింది. ఇరవై రెండు షేక్ మదార్. ఆ మదార్ కొడుకే ఇస్మాయిల్. తండ్రి పేరు పిలుస్తున్న నోట్లోనే బల్లెం దిగింది. ఇరవై తొమ్మిది దగ్గర సాగర్ సారు చెయ్యి మోచేతి దగ్గర తెగింది. మిగిలిన చెయ్యి రవళి మీద వేసి, దాని మీద నుదురు ఆనించాడు. ఇక పిలిచేవాడిని నేనొక్కడినే.

ముప్పై ఐదు ఆరెపల్లి శంకర్. నా ఎదుట భూమేష్ నిలబడ్డాడు. గొడ్డలి పైకి లేచింది. ముప్పై ఆరు, నా పేరే నేను పిలుచుకున్నాను.

ఖాళీ అనాలి. అనుకున్నది అదే. తలుపు మీద గోళ్ల గీతలు కనిపించాయి. చేతిలో రవళి వేళ్లు కొట్టుకుంటున్నాయి. నోరు తెరిస్తే వచ్చింది అలవాటైన పాత వరస, ఉప్పు కోసం గోడ మీద నుంచి పిలిచిన పిలుపు.

"ముప్పై ఏడు. సట్ల పోశం."

గొడ్డలి దిగలేదు. తలెత్తి చూసే ఓపిక లేదు, దాని నీడ నా ఒళ్లో కదలకుండా ఉండడం మాత్రం తెలిసింది. ముప్పై ఎనిమిది కుంట ఓదేలు. యాభై దాటాక ఏం పిలిచానో గుర్తులేదు. నా నోరు నెత్తురుతో నిండింది. భూమేష్ పక్కవాడు, "కొట్టన్నా, ఏం జూస్తున్నవ్?" అన్నాడు. భూమేష్ కొట్టలేదు. ఆ పక్కవాడే నా వీపులో పొడిచాడు. నేను వదల్లేదు.

అరవై, దాసరి ఐలయ్య.

ఆఖరి దెబ్బ మా అందరి మీదా పడింది. రవళి లేచి కూర్చుంది. అదే క్షణాన బూర మోగింది. వాళ్లు మా జెండా పీకేశారు. ఆట అయిపోయింది.

మే 9. మూడో మట్టం గాలి: 38 డిగ్రీలు.

లస్మక్క, ఇస్మాయిల్, సారు ఆసుపత్రిలో ఉన్నారు. బతుకుతారు. నేను ఫ్యాను నడుపుతున్నాను. గాలి అటే పోతోంది.

దారిలో ఒకామె నా ముఖం మీద ఉమ్మింది. చంకలో పసిపిల్ల ఉంది. నేను తుడుచుకుని వచ్చేశాను. ఆమెది తప్పనలేను.

రవళి నడుస్తోంది. ఫ్యాన్‌హౌస్ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది, లోపలికి రాలేదు.

"నిన్ను కూసోమని ఎవరన్నరు?"

"ఎవ్వరన్లే."

"ఈడనే ఉండుమన్న. ఏమైనా గానీ అన్న. నన్ను బతికిచ్చి మట్టాన్ని జంపినవ్ మామా."

"అవ్ బిడ్డా."

"మళ్ల గట్లనే అయితే మళ్ల కూసుంటవా?"

కూర్చుంటానని చెప్పాను. నన్ను కొడుతుందనుకున్నాను. గోడకు ఆనుకుని, ముఖం కనబడకుండా చేతుల్లో దాచుకుని, చాలాసేపు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఫ్యాను చప్పుడులో ఎవరికీ వినపడదు.

మే 13. మూడో మట్టం గాలి: 41 డిగ్రీలు.

బడి మూసేశారు. జనం నేల మీద తడిబట్టలు పరుచుకుని పడుకుంటున్నారు. నిన్న ఒక ముసలాయన పోయాడు. పసిపిల్లలు ఏడుపు మానేశారు, అదే ఎక్కువ భయంగా ఉంది.

మధ్యాహ్నం ఒకతను పరుగెత్తుకొచ్చి, పెద్ద తలుపు అవతలి నుంచి ఎవరో నా పేరు పిలుస్తున్నారని చెప్పాడు. ఆరేళ్ల తర్వాత ఆ తలుపు దగ్గరకు నడిచాను. గీతలు నా భుజం ఎత్తులో ఉన్నాయి. శంకరమ్మ పొట్టి మనిషి, చేతులెత్తి గీరి ఉంటుంది.

"నేను సట్ల భూమేష్‌ను," అంది అవతలి గొంతు. గెలిచిన జట్టు కెప్టెన్ దగ్గరే ఆ తలుపు తాళం ఉంటుంది. "మొన్న మా బాపు పేరు ఎందుకు దీసినవ్?"

"అరవై ఇండ్లల ముప్పై ఏడు మీది. అందుకు."

"మీ లెక్కల మా బాపు ఉన్నడా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "ఆరేండ్ల సంది లేడు. నేనే తీసేసిన. మీ బాపు ఈ తలుపు మూసినప్పుడు ఇటు దిక్కు నా పెండ్లాం ఉండె. నీకు చెయ్యి అందితే తడిమి జూడు, గీతలున్నయి."

అవతల ఇనుముకు తాళంచెవి తగిలిన చప్పుడైంది.

"ఇటు దిక్కు నేనుంటి," అన్నాడు. "ఎండదెబ్బకు సోయి లేకుండ పడున్న. నాకోసమే మూసిండు. ఆయన పోయేదాంక నాతోని సక్కగ మాట్లాడలే."

నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అది ఈ పుస్తకంలో మొదటి అబద్ధం అవుతుంది. కానీ ఆ ఇనుము మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను, తీయలేదు.

"నాకు ఆ కాలనీ యాదికి లేదు," అన్నాడు. "నాలుగేండ్లోన్ని దిగినప్పుడు. మా ఇంటి పక్కకు ఎవరు, ఎదురుంగ ఎవరు, ఎవ్వలు చెప్పలే. మొత్తం ఒక్కసారి పిలుస్తవా? మొదటి సంది?"

"తలుపు ఇంత మందం. గింత లెక్క అరిచి చెప్పుడు నాతోని గాదు."

అది నిజమే. తలుపు తెరిస్తే ఇటు గాలి వస్తుందన్న రెండో మాట మనసులో లేదని మాత్రం అనను.

తాళం తిరిగిన చప్పుడైంది. గడియ జారింది. తలుపు జానెడు తెరుచుకుంది, ఆ సందులోంచి చల్లటి గాలి నా కాళ్ల మీదుగా మట్టంలోకి పోయింది. భూమేష్ ముఖం కనిపించింది. అచ్చం పోశం ముక్కే. నా వెనక దారి పొడవునా పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి కూర్చోవడం వినిపించింది.

"ఒకటి," అన్నాను. "మామిడి ఎల్లయ్య."

సెకనుకొక పేరు పిలవలేదు. ఎల్లయ్య గడప ముందు ఏ చెట్టుండేదో చెప్పాను. రాజలింగు సైకిల్ బెల్లు ఎలా మోగేదో చెప్పాను. రవళి వచ్చి, ఉమ్మిన ఆ తల్లిని పసిపిల్లతో సహా తలుపు సందు దగ్గర కూర్చోబెట్టింది. ఆమె నా వైపు చూడలేదు, పిల్లను గాలికి తిప్పింది. ముప్పై ఆరు దగ్గర నా ఇల్లు చెప్పాను, శంకరమ్మ పేరు చెప్పాను. తర్వాత ఒక ఊపిరి తీసుకున్నాను. ముప్పై ఏడు పిలిచాను.

అరవై పూర్తయ్యేసరికి రెండు గంటలు పట్టింది. భూమేష్ కళ్లు తుడుచుకుని తలుపు మూశాడు. రేపు వస్తానన్నాడు.

మే 14. మూడో మట్టం గాలి: 38 డిగ్రీలు.

వచ్చాడు. ఈసారి నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు, వాళ్ల ఇళ్లూ ఆ అరవైలోవే. తలుపు మూరెడు తెరిచాడు.

ఇవాళ ఇంటావిడల పేర్లు చెప్పాను. మూడు గంటలు పట్టింది. రేపటి నుంచి పిల్లల పేర్లు మొదలుపెడతాను. ఆ కాలనీలో ఇంటికి ముగ్గురు నలుగురికి తక్కువ లేరు.